ట్యూబులు తెరుచుకునే ఉన్నాయన్నారు, మరి లోపల ఈ చక్కెరల సంగతేంటి?

వేకువచుక్క
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. పిల్లల కోసం ప్రయత్నం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. నాకు 33, మావారికి 36. చేయించాల్సిన టెస్టులన్నీ చేయించాం. అండం నెలనెలా విడుదలవుతోంది, థైరాయిడ్ బాగుంది, ఆయన రిపోర్టూ బాగుంది. గర్భాశయంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే ట్యూబ్ టెస్టు కూడా అయింది. రెండు ట్యూబులూ తెరుచుకునే ఉన్నాయన్నారు. "అన్నీ నార్మలే" అని విన్న ప్రతిసారీ సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

నిన్న ఒక సైన్స్ వార్త చదివాను. ఫెలోపియన్ ట్యూబ్ లోపలి గోడ మీద చక్కెర అణువులు ఉంటాయట. అవి వీర్యకణాలను పట్టుకుని ఆపి, ఎక్కువసేపు బతికేలా చేస్తాయట. అది చదివిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు. చక్కెర అంటే రక్తంలో ఉండే షుగరేనా? నాకు షుగర్ జబ్బు లేదు, కానీ తీపి బాగానే తింటాను. తగ్గిస్తే మంచిదా, తగ్గిస్తే ఆ అణువులు కూడా తగ్గిపోతాయా? ఇన్నాళ్లూ ట్యూబ్ అంటే అండం జారివచ్చే గొట్టం అనే అనుకున్నాను. తెలిసినవాళ్లు కొంచెం విడమరిచి చెప్పండి.

మల్లెతీగ
సోమవారం, రాత్రి 9:58

అక్కా, తీపి పూర్తిగా మానేయండి. నాకు పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదలకాని సమస్య) అని తెలిసినప్పుడు డాక్టర్ మొదట చెప్పిన మాట అదే. ఒంట్లో షుగర్ పెరిగితే హార్మోన్లు అటూఇటూ అయిపోతాయి. ట్యూబులోకి చేరేది కూడా ఆ షుగరే అయ్యుంటుంది.

సూక్ష్మదర్శిని
సోమవారం, రాత్రి 10:31

వేకువచుక్క గారూ, ముందు ఒక మాట. ఆ వార్తలో చెప్పిన చక్కెరకూ మీరు తినే తీపికీ సంబంధం లేదు. కణాల మీద ఉండే చక్కెరల గురించి కొన్నేళ్లు ల్యాబులో పనిచేశాను కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

చక్కెర అనేది ఒక్క పదార్థం కాదు, పెద్ద కుటుంబం. గ్లూకోజ్ అందులో ఒకటి. గెలాక్టోజ్, మానోజ్, ఫ్యూకోజ్, సియాలిక్ ఆమ్లం అని ఇంకా చాలా ఉన్నాయి. మన ఒంట్లోని ప్రతి కణం వీటిని ఒకదానికొకటి తగిలించి గొలుసులుగా, కొమ్మలుగా అల్లి, తన పైపొరలోని ప్రోటీన్లకూ కొవ్వులకూ అతికించి పెట్టుకుంటుంది. ఆ గొలుసులనే గ్లైకాన్లు అంటారు. ఒక కణం ఇంకో కణాన్ని గుర్తుపట్టేది చాలావరకు వీటిని బట్టే.

మీకు బాగా తెలిసిన గ్లైకాన్ ఒకటుంది, రక్తం గ్రూపు. ఎర్ర రక్తకణం మీద ఉన్న చక్కెర గొలుసు చివర ఒక రకం చక్కెర ఉంటే ఏ గ్రూపు, ఇంకో రకం ఉంటే బి గ్రూపు, ఆ చివరిది లేకపోతే ఓ గ్రూపు. తేడా అంతా ఒక్క చక్కెర అణువులోనే. తీపి ఎంత తిన్నా, మానేసినా రక్తం గ్రూపు మారదు కదా. ట్యూబ్ గోడ మీది చక్కెరలూ అలాంటివే. జన్యువుల ఆదేశాలతో, హార్మోన్ల అదుపులో కణం లోపల ఎంజైములు వాటిని తయారుచేస్తాయి.

మల్లెతీగ గారు చెప్పింది పీసీఓఎస్ విషయంలో సరైనదే. అక్కడ సమస్య ఇన్సులిన్‌ది, అందుకే తీపి తగ్గించమంటారు. ఈ దారి వేరు.

మల్లెతీగ
సోమవారం, రాత్రి 10:40

అర్థమైంది సార్. రక్తం గ్రూపు అంటే చక్కెరే అని నాకు ఇవాళే తెలిసింది. అక్కా, తెలియకుండా తొందరపడి చెప్పాను, ఏమనుకోకండి.

వేకువచుక్క
సోమవారం, రాత్రి 10:52

అయ్యో, అనుకోవడానికి ఏముంది చెల్లీ. నేనూ అదే అనుకున్నాగా.

సూక్ష్మదర్శిని గారూ, చాలా థ్యాంక్స్. ఒకటి మాత్రం మింగుడుపడటం లేదు. వీర్యకణం ఎంత వేగంగా అండాన్ని చేరితే అంత మంచిది కదా? దారి మధ్యలో గోడ దాన్ని పట్టుకుని ఆపితే నష్టం కాదా? చదువుతున్నంతసేపూ నా ట్యూబులే వాటిని ఆపేస్తున్నాయేమో అనిపించింది.

సూక్ష్మదర్శిని
మంగళవారం, ఉదయం 6:15

మంచి ప్రశ్న అడిగారు. రాత్రి తొందరగా ముగించడం ఇష్టం లేక పొద్దున్నే కూర్చున్నాను.

మొదట ఆ ట్యూబ్ ఎలా ఉంటుందో చూద్దాం. పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. గర్భాశయం వైపు సన్నగా ఉండే భాగం ఇస్తమస్. దాన్ని దాటితే వెడల్పుగా, లోపల మడతలు మడతలుగా ఉండే యాంపుల్లా. చివర అండాశయం మీదికి వేళ్లలా చాచుకున్న అంచులు. అండం, వీర్యకణం కలిసేది యాంపుల్లాలో. ఈ నాళాన్ని 1561లో వర్ణించిన ఇటలీ శరీరశాస్త్రవేత్త గాబ్రియెల్ ఫెలోపియో దాన్ని 'ట్యూబా' అన్నాడు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం బాకా. చివర విచ్చుకున్న ఆకారం చూసి అలా అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని ట్యూబ్ చేశారు, మనమంతా గొట్టం అనుకున్నాం.

ఇక మీ ప్రశ్న. అండం విడుదలయ్యాక దాని ఆయుష్షు 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు సరిగ్గా ఆ గంటల్లోనే అక్కడికి వస్తాయన్న నమ్మకం లేదు. రెండు రోజుల ముందు రావచ్చు, నాలుగు రోజుల ముందూ రావచ్చు. ముందే వచ్చినవి అండం వచ్చేదాకా బతికుండాలి. 1995లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరిశీలన ఈ సంగతే తేల్చింది. అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు రోజులు, మొత్తం ఆరు రోజుల్లో కలిసిన జంటలకే గర్భం వచ్చింది. విడుదలైన మర్నాటి నుంచి రాలేదు. అంటే అండం వీర్యకణాల కోసం ఆగలేదు. వీర్యకణాలే అండం కోసం ఆగాలి.

ఎక్కడ ఆగుతాయి? యోనిలో ఆమ్లం ఉంటుంది, అక్కడ గంటల్లో చచ్చిపోతాయి. గర్భాశయంలో తెల్ల రక్తకణాలు వాటిని పరాయివిగా చూసి మింగేస్తాయి. బయల్దేరినవి 20 కోట్లు అనుకుంటే ట్యూబు దాకా వచ్చేవి వందల్లోనే. ఆ వచ్చిన కొన్నింటిని ట్యూబ్ గోడ కణాలు తమ చక్కెర గొలుసులతో పట్టుకుంటాయి. వీర్యకణం తల వైపు ప్రోటీన్లు ఆ చక్కెరలను గుర్తుపట్టి అతుక్కుంటాయి. జంతువుల్లో ఈ చోటును వీర్యకణాల నిల్వ స్థలం అంటారు, ఎక్కువగా ఇస్తమస్‌లో ఉంటుంది. నేనైతే దాన్ని విడిది అంటాను.

అతుక్కున్న వీర్యకణానికి ఏమవుతుందన్నది నన్ను ఇన్నేళ్లయినా వదలని విషయం. వీర్యకణం పుట్టగానే అండాన్ని ఛేదించలేదు. స్త్రీ శరీరంలో కొన్ని గంటలు గడిపి 'కెపాసిటేషన్' అనే మార్పు చెందాలి. 1951లో ఎం.సి. చాంగ్, సి.ఆర్. ఆస్టిన్ అనే శాస్త్రవేత్తలిద్దరూ విడివిడిగా కనిపెట్టిన విషయమిది. ఆ మార్పు వస్తే వీర్యకణంలోకి కాల్షియం చేరుతుంది, తోక కొరడాలా కొట్టుకుంటుంది. కానీ అది జరిగాక ఎక్కువసేపు బతకదు. నూనె అయిపోతున్న దీపం ఒక్కసారి పెద్దగా వెలిగినట్టు. కాబట్టి ఆ మార్పు ముందే రాకూడదు. చక్కెరకు అతుక్కుని ఉన్నంతసేపు కాల్షియం పెరగకుండా ఉంటుంది, వీర్యకణం నెమ్మదించి ఉంటుంది. అండం విడుదలయ్యే సమయం దగ్గరపడ్డాక ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ లాంటి సంకేతాలు అందుతాయి, పట్టు సడలుతుంది, కొన్ని కొన్నిగా విడివడి ముందుకు ఈదుతాయి. అన్నీ ఒక్కసారిగా కాదు.

కాబట్టి మీ ట్యూబులు వాటిని ఆపుతున్నాయంటే, కాపాడుతున్నాయని అర్థం.

వేకువచుక్క
మంగళవారం, ఉదయం 7:03

చివరి వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. నాలుగేళ్లలో నా ట్యూబుల గురించి ఒక మంచి మాట విన్నది ఇప్పుడే.

మూగజీవాల_నేస్తం
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను పశువైద్యుణ్ని, ఈ విషయం మా వైపు నుంచే ఎక్కువగా వచ్చింది కాబట్టి రెండు మాటలు. ట్యూబ్ చక్కెరల మీద మొదట లోతుగా పనిచేసినవాళ్లు ఆవులు, పందులు, చిట్టెలుకల మీదే చేశారు. 1990ల్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సుసాన్ సువారెజ్ బృందం హామ్‌స్టర్ అనే ఎలుకలాంటి జంతువు వీర్యకణాలు సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుంటాయని, ఆబోతువి ఫ్యూకోజ్‌ను పట్టుకుంటాయని చూపింది. గుర్రాల్లో గెలాక్టోజ్ అని వేరేవాళ్లు చూపారు. జాతికో చక్కెర. తాళానికి తాళంచెవి వేరైనట్టే.

తర్వాత ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మిల్లర్ బృందం ఇంకా ముందుకెళ్లింది. వందల రకాల చక్కెర గొలుసులను గాజు పలక మీద చుక్కలుగా అతికించి, వాటి మీద పంది వీర్యకణాలను వదిలి, ఏ చుక్కకు అతుక్కుంటాయో చూశారు. సియాలిక్ ఆమ్లం ఉన్న కొమ్మల గొలుసులు ఒక రకం, 'లూయిస్ ఎక్స్' అనే మూడు చక్కెరల ముక్క ఉన్నవి ఇంకో రకం, వాటికే అతుక్కున్నాయి. 2019లో ఆబోతు వీర్యకణాలకు 'సల్ఫేట్ ఉన్న లూయిస్ ఏ' అనే చక్కెర అని తేల్చి, దానికి అతుక్కున్నవి ఎక్కువ కాలం బతుకుతున్నాయని కూడా చూపారు. కణమంతా అక్కర్లేదు, ఆ ఒక్క చక్కెరను అతికించి పెట్టినా ఆయుష్షు పెరిగింది. నాకు అది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఇంకో ముచ్చట. ఆబోతు వృషణం వైపు నుంచి నేరుగా తీసిన వీర్యకణాలు ట్యూబ్ గోడకు సరిగా అతుక్కోవు. వీర్య ద్రవంలో ఉండే ఒక ప్రోటీన్ వాటి మీద పూతలా పడ్డాకే అతుక్కుంటాయి. అంటే పట్టుకునే చెయ్యి మగ వైపు నుంచి వస్తుంది, పట్టుకునే కొమ్మ ఆడ వైపు ఉంటుంది.

కోడిపెట్ట అయితే తన లోపల చిన్న చిన్న గొట్టాల్లో వీర్యకణాలను రెండు మూడు వారాలు దాచుకుంటుంది. కొన్ని జాతుల గబ్బిలాలు చలికాలమంతా నెలల తరబడి దాచుకుని వసంతంలో గర్భం ధరిస్తాయి. ఆడ శరీరం ఎంత ఓపికగా కాపాడుతుందో చూడండి.

అర్ధరాత్రి_రైలు
మంగళవారం, రాత్రి 11:47

ఇలాంటి చోట మగవాళ్లు తక్కువగా రాస్తారు, అయినా అడుగుతున్నాను. మాకూ మూడేళ్లుగా "అన్నీ నార్మలే". నా రిపోర్టులో సంఖ్య బాగుంది, కదలిక బాగుంది, ఆకారం బాగుంది. కాబట్టి సమస్య మా ఆవిడదే అన్నట్టు అందరి చూపూ తన మీదే. నేస్తం గారు పూత అన్నారు కదా. మనిషి వీర్యకణం మీద కూడా అలాంటి పూత ఉంటుందా? అది రిపోర్టులో కనపడుతుందా?

సూక్ష్మదర్శిని
బుధవారం, ఉదయం 6:40

అర్ధరాత్రి_రైలు గారూ, ఈ ప్రశ్న అడిగినందుకు మీ మీద గౌరవం కలిగింది.

ఉంటుంది. వీర్యకణం మీద దట్టమైన చక్కెర పొర ఉంటుంది. అందులో ఒక ముఖ్యమైన భాగం డీఈఎఫ్‌బీ126 అనే ప్రోటీన్. దాని నిండా సియాలిక్ ఆమ్లం ఉన్న చక్కెర గొలుసులే. వీర్యకణం గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురును దాటడానికి, రోగనిరోధక కణాల కంట పడకుండా ఉండడానికి ఈ పూత పనికొస్తుంది. కోతుల్లో చేసిన పరిశోధనల్లో ట్యూబ్ గోడకు అతుక్కోవడంలోనూ దీనికి పాత్ర ఉందని తేలింది.

2011లో ఒక పరిశోధన వచ్చింది. ఈ ప్రోటీన్ జన్యువులో రెండు అక్షరాలు లోపించిన ప్రతులు కొందరు మగవాళ్లకు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ అలాగే వస్తాయి. వాళ్ల వీర్యకణాల మీద ఆ చక్కెర పూత పలచగా ఉంటుంది. మైక్రోస్కోపు కింద సంఖ్య, కదలిక, ఆకారం మాత్రం మామూలుగానే కనిపిస్తాయి. ఆ మగవాళ్ల భార్యలకు గర్భం రావడానికి మిగతావాళ్ల కన్నా ఎక్కువ కాలం పట్టింది. ఎక్కువ కాలం పట్టింది అంటున్నాను, రాలేదు అనడం లేదు, గమనించండి.

మామూలు వీర్య పరీక్షలో ఈ పూత కనపడదు. కాబట్టి రిపోర్టు బాగుంది అనగానే లోపం ఆవిడదే అనేసేవాళ్లకు శాస్త్రం తోడు రాదు. ఆ మాట మీరే ఇంట్లో చెప్పండి, ఆవిడకు బలమొస్తుంది.

అర్ధరాత్రి_రైలు
బుధవారం, ఉదయం 8:12

ఇవాళే చెప్తాను సార్. తను పక్కన కూర్చునే చదివింది, ఏం మాట్లాడలేదు. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పచ్చబొట్టు
బుధవారం, ఉదయం 11:05

మానోజ్, ఫ్యూకోజ్ పొడులుగా, మాత్రలుగా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. గర్భానికి మంచిదని ఒక వీడియోలో చెప్పారు. ట్యూబులో చక్కెరలు తక్కువగా ఉన్నవాళ్లు అవి వాడితే పెరుగుతాయి కదా? ఎవరైనా వాడారా?

సూక్ష్మదర్శిని
బుధవారం, మధ్యాహ్నం 12:30

దయచేసి ఆ పని చేయకండి. ఇది కొంచెం గట్టిగానే చెప్తున్నాను.

తిన్న చక్కెర పొట్టలో కలిసి రక్తంలోకి వెళ్తుంది. అది నేరుగా ట్యూబ్ గోడ మీద గొలుసుగా అల్లుకోదు. ఏ గొలుసు ఎక్కడ అల్లాలన్నది ఆ కణంలోని ఎంజైములే నిర్ణయిస్తాయి. ఇంకా ముఖ్యమైన సంగతి చెప్తాను. ట్యూబ్ కణాలకు ఆబోతు వీర్యకణాలు అతుక్కునేది ఫ్యూకోజ్‌కే అని ఎలా తెలుసుకున్నారో తెలుసా? ద్రవంలో విడిగా ఫ్యూకోజ్ కలిపి చూశారు. విడి ఫ్యూకోజ్ వీర్యకణం చేతుల్ని ముందే నింపేసింది, ఇక గోడను పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, అతుక్కోవడం తగ్గిపోయింది. అంటే విడి చక్కెర సాయం చేయలేదు, అడ్డుపడింది. మీరు మింగే మాత్రతో ట్యూబులో ఇలాగే జరుగుతుందని అనను, అంత దూరం అది చేరదు కూడా. కానీ చక్కెర చేరిస్తే పట్టు పెరుగుతుందన్న లెక్కే తప్పు.

పచ్చబొట్టు
బుధవారం, మధ్యాహ్నం 12:44

ఆర్డర్ పెట్టేశాను, ఇప్పుడే రద్దు చేస్తున్నాను. థ్యాంక్యూ.

నీలిగాజు
బుధవారం, రాత్రి 8:30

నేను ఐవీఎఫ్ ల్యాబులో ఎంబ్రియాలజిస్టుని, అంటే పిండాలను పెంచి చూసుకునే పని. ఈ చర్చ చదువుతుంటే రోజూ చూసే డిష్‌లు కళ్లముందు కదిలాయి.

ఐవీఎఫ్ పుట్టిందే ట్యూబును దాటిపోవడానికి. 1978లో లూయీస్ బ్రౌన్ పుట్టినప్పుడు వాళ్లమ్మ ట్యూబులు మూసుకుపోయి ఉన్నాయి. అండాన్ని నేరుగా అండాశయం నుంచి తీసి, బయట వీర్యకణాలతో కలిపి, పిండాన్ని గర్భాశయంలో పెట్టారు. విడిది అక్కర్లేదు, ఎందుకంటే కలిసే సమయం మేమే నిర్ణయిస్తాం. ట్యూబ్ గోడ చేసే కాపలా పని మా గడియారం చేస్తుంది.

అయితే ట్యూబ్ చేసే ప్రతి పనీ మేం చేయలేం. పందుల్లో ల్యాబులో ఫలదీకరణ చేస్తే ఒక్క అండంలోకి చాలా వీర్యకణాలు చొరబడడం పెద్ద సమస్య, అలాంటి పిండం నిలవదు. ట్యూబులో అయితే విడిది నుంచి కొన్ని కొన్నిగానే వదులుతుంది కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. ఆపడం ఒక్కటే కాదు, లెక్కపెట్టి పంపడం కూడా ట్యూబ్ చేస్తుంది.

వేకువచుక్క గారు మొదట గ్లూకోజ్ గురించి అడిగారు. దానికీ ఒక చోటుంది. ట్యూబ్ లోపలి ద్రవంలో గ్లూకోజ్, దాని నుంచే వచ్చే పైరువేట్, లాక్టేట్ అనే ఇంధనాలు ఉంటాయి. అండం విడుదలయ్యే రోజుల్లో ఆ ద్రవంలో గ్లూకోజ్ బాగా తగ్గిపోతుందని 1990ల్లో కొలిచి చూశారు. మొదటి రెండు మూడు రోజుల పిండానికి పైరువేట్ ఇష్టం, గ్లూకోజ్ తర్వాతే ఎక్కువగా వాడుకుంటుంది. మేం పిండాలను పెంచే ద్రవాల తయారీకి ఆ కొలతలే ఆధారమయ్యాయి. ట్యూబును చూసి నేర్చుకున్నాం.

చక్కెర పాత్ర విడిది దగ్గర ఆగిపోదు. అండం చుట్టూ ఉండే పైపొర మీద కూడా చక్కెర గొలుసులుంటాయి. మనిషి అండం మీద వీర్యకణం అతుక్కునే ముఖ్యమైన చక్కెర 'సియాలైల్ లూయిస్ ఎక్స్' అని 2011లో తేలింది. గర్భాశయ గోడకు పిండం అతుక్కునేటప్పుడు కూడా చక్కెరలను పట్టుకునే ప్రోటీన్ సాయపడుతుంది. దారి పొడుగునా ఇదే భాష.

ఒంటరి_కొమ్మ
బుధవారం, రాత్రి 10:15

ఇది రాయడానికి మూడు రోజులు ఆలోచించాను. రెండేళ్ల క్రితం గర్భం ట్యూబులోనే నిలిచింది. కడుపునొప్పితో వెళ్తే ఒక ఆసుపత్రిలో గ్యాస్ అని పంపేశారు. మర్నాడు స్పృహ తప్పింది. వేరేచోట అత్యవసరంగా ఆపరేషన్ చేసి కుడి ట్యూబ్ తీసేశారు. మిగిలిన ఎడమ ట్యూబ్ తెరిచే ఉందట. తెరిచి ఉండడం చాలా, లోపల చక్కెరలు, గోడ మీద ఉండే సన్నటి నూగు అన్నీ బాగున్నట్టేనా? మొదటిది పాడైందంటే రెండోదీ పాడైనట్టేనా? ప్రతి నెలా కుడివైపు అండం వస్తే ఆ నెల వృథా అని ఏడుస్తాను.

నీలిగాజు
బుధవారం, రాత్రి 10:50

అమ్మా, మీరు పడిన బాధకు మాటలు లేవు. ముందు ఆ 'వృథా' అన్న మాట తీసేయండి. ట్యూబ్ చివరి వేళ్లు కదులుతుంటాయి. కుడి అండాశయం నుంచి వచ్చిన అండాన్ని ఎడమ ట్యూబ్ అందుకుని గర్భం వచ్చిన సందర్భాలు వైద్యంలో నమోదై ఉన్నాయి.

తెరిచి ఉండడం, పనిచేయడం ఒకటి కాదన్నది నిజమే. డై టెస్టు, అంటే మందు ఎక్కించి తీసే ఆ ఎక్స్‌రే, దారి ఉందో లేదో చెప్తుంది. క్లమీడియా లాంటి ఇన్ఫెక్షన్లు వచ్చి తగ్గాక దారి తెరిచే ఉండి, లోపలి మడతలు, నూగులాంటి సీలియా దెబ్బతిని ఉండొచ్చు. పొగతాగడం వల్ల కూడా ట్యూబులో గర్భం నిలిచే ప్రమాదం పెరుగుతుంది. కానీ ఒకటి పాడైతే రెండోదీ పాడేనని తేల్చేయకూడదు. ఒక ట్యూబుతో గర్భం దాల్చి బిడ్డల్ని కన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. మీకు చెప్పాల్సింది ఒక్కటే. ఈసారి నెల తప్పగానే ఆలస్యం చేయకుండా వెళ్లండి. రక్తపరీక్ష, తొందరగా స్కాన్ చేయించి గర్భం ఎక్కడుందో చూసుకోవాలి. నొప్పి వస్తే గ్యాస్ అని ఎవరన్నా, "నాకు ఇంతకుముందు ట్యూబులో గర్భం నిలిచింది" అని మొదటి మాటగా చెప్పండి.

ఒంటరి_కొమ్మ
బుధవారం, రాత్రి 11:02

చెప్తాను. ఆ వాక్యం ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను.

మల్లెతీగ
గురువారం, ఉదయం 9:20

నాకో చిన్న సందేహం. ఈ చక్కెరల వల్ల మనం ఇంట్లో మార్చుకోగలిగేది ఏమైనా ఉందా? లేక తెలుసుకుని ఊరుకోవడమేనా?

సూక్ష్మదర్శిని
గురువారం, ఉదయం 9:55

ఒకటుంది. అండం విడుదలయ్యే రోజు కోసమే కాచుకుని కూర్చోకండి. అండం విడుదలను పట్టే కిట్‌లో గీత వచ్చాకే కలవాలని, ఆ రాత్రి తప్పితే నెల పోయిందని దంపతులు నలిగిపోతుంటారు. ముందే వచ్చిన వీర్యకణాలను కాపాడే ఏర్పాటు ట్యూబులో ఉంది. ఆ ఆరు రోజుల్లో రోజూ లేదా రోజు విడిచి రోజు కలిస్తే చాలు. పొగతాగే అలవాటుంటే ఇద్దరూ మానేయాలి. ఇన్ఫెక్షన్ లక్షణాలుంటే ఇద్దరూ కలిసి వైద్యం చేయించుకోవాలి. అంతే, వీటికి మించి పథ్యాలేమీ లేవు.

ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొరలాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు ఉన్నవాళ్ల కోసం ఇంకో మాట. 2005లో ఆపరేషన్లలో తీసిన ట్యూబ్ ముక్కల మీద ఒక పరిశోధన చేశారు. ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీల ట్యూబ్ గోడకు వీర్యకణాలు మిగతావాళ్ల కన్నా ఎక్కువగా అతుక్కున్నాయి. పట్టు ఉండాలి, సమయానికి సడలాలి కూడా. నెలసరి నొప్పులు భరించలేనంతగా ఉంటే ఆ సంగతి డాక్టర్ దగ్గర దాచకండి.

వేకువచుక్క
గురువారం, ఉదయం 10:30

భరించలేనంత అంటే ఎంత? నేను నెలకు రెండు రోజులు మంచం దిగను. అందరికీ ఇంతే అనుకుని ఏ డాక్టర్‌కూ చెప్పలేదు.

నీలిగాజు
గురువారం, ఉదయం 10:41

చెప్పండి. ఈ వారమే చెప్పండి.

వేకువచుక్క
మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:20

అందరికీ కబురు చెప్పాలి.

డాక్టర్‌కు నొప్పుల గురించి చెప్పాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. ల్యాప్రోస్కోపీ చేశారు, పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడడం. అండాశయాల చుట్టూ, ట్యూబుల పక్కన ఎండోమెట్రియోసిస్ మచ్చలు కనిపించాయి. కనిపించినంత మేరకు తీసేశారు. ట్యూబులు వాచి నీరు పట్టలేదు, తెరిచే ఉన్నాయి. "అన్నీ నార్మలే" అన్న ఆ పాత మాట ఇక నా ఫైల్లో లేదు. జబ్బు పేరు తెలిసి ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారా అంటే, నేను పీల్చుకున్నాను.

ట్యూబ్ గోడ మీది చక్కెరల గురించి కూడా అడిగాను. ఆస్పత్రుల్లో వాటిని కొలిచే టెస్టు లేదని చెప్పారు, కానీ ప్రశ్న విని కుర్చీ ముందుకు జరుపుకుని పది నిమిషాలు మాట్లాడారు. నా వయసు, గడిచిన నాలుగేళ్లు, ఇప్పుడు బయటపడింది, అన్నీ చూసి ఐవీఎఫ్ మేలన్నారు. మేమిద్దరం రెండు రోజులు ఆలోచించి సరేనన్నాం. నీలిగాజు గారూ, ఒక్కటి చెప్పండి. ఐవీఎఫ్‌కు వెళ్తే నా ట్యూబులు ఉండగానే వాటిని పక్కన పెట్టేసినట్టా? తీసేయాలంటారా?

నీలిగాజు
శనివారం, సాయంత్రం 6:48

తీయాల్సిన పని లేదండీ. ట్యూబులో నీరు పట్టి వాచి ఉంటేనే ఐవీఎఫ్‌కు ముందు తీయడమో కట్టేయడమో చేస్తారు. ఆ నీరు గర్భాశయంలోకి కారి పిండం నిలిచే అవకాశాన్ని తగ్గిస్తుంది. మీకు ఆ సమస్య లేదు. మీ ట్యూబులు మీవి, అలాగే ఉంటాయి. ఐవీఎఫ్‌తో ఒక బిడ్డను కన్నాక రెండోసారి మామూలుగానే గర్భం వచ్చినవాళ్లను నేను చాలామందిని చూశాను.

అర్ధరాత్రి_రైలు
శనివారం, రాత్రి 7:30

అక్కా, మీకు మంచి జరగాలి. మా ఆవిడ కూడా ఇదే రాయమంది. తన నొప్పుల గురించి మొన్న నాతో మొదటిసారి చెప్పింది. సోమవారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం.

వేకువచుక్క
శనివారం, రాత్రి 7:52

వెళ్లి రండి తమ్ముడూ. తనకు నా మాటగా చెప్పు, నొప్పిని తక్కువ చేసి చెప్పొద్దని.

నాకు ఇరవై రెండో తారీకు నుంచి ఇంజెక్షన్లు మొదలు. ఆ రోజు పొద్దున్నే మళ్లీ రాస్తాను.

మూగజీవాల_నేస్తం
శనివారం, రాత్రి 8:05

రాయమ్మా. మేమంతా ఎదురుచూస్తుంటాం.